వణుకు వ్యాధి: మందుల విషయములో ఇంటివారి పాఠము



ఈసారి పాఠము ఒక వ్యాధిని గురించి. మా ప్రాంతములో, తుంగభద్ర కాలువల క్రింద ఉన్న క్యాంపులలో, ఒకప్పుడు తల్లిదండ్రుల వెంట చిన్నపిల్లలుగా వచ్చినవారు, కొత్తగా పెండ్లి చేసుకొని వచ్చినవారు ఇప్పుడు చేతికర్రతో ఆరాధనకు వస్తున్నారు. వారిలో కొందరికి పార్కిన్సన్ వ్యాధి ఉన్నది. ఊరివారు వణుకు రోగము అంటారు. ఆయుర్వేదములో కంపవాతము అంటారు. నేను వైద్యుడను కాను, ముప్పది మూడేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడను. అయితే మా అక్కయ్య ఇంటిలో ఈ వ్యాధితో పదేండ్లకు పైగా గడిపినాము. ఆ ఇంటిలో జరిగిన తప్పులలో ఒకటి నా చేతి మీదుగానే జరిగినది. అందుచేత ఈ పాఠము వ్రాయుటకు నాకు కొంత హక్కు, కొంత బాధ్యత ఉన్నవి.

రోగము, దాని మందు

మన మెదడులో డోపమిన్ అను పదార్థమును తయారుచేయు కణములు కొన్ని ఉన్నవి. శరీరము కదలుటకు అది నూనె వంటిది. ఆ కణములు క్రమముగా తగ్గిపోవుటచే ఈ వ్యాధి వచ్చును. నడక నెమ్మదించును, చేతులు కాళ్ళు బిగుసుకొనును, చేతివ్రాత చిన్నదగును, ముఖములో భావము తగ్గును. వణుకు అందరిలో ఉండదు, అది గుర్తుంచుకొనవలెను. వణుకు లేదు గనుక ఆ రోగము కాదని మా బావగారి విషయములో ఏడాది పోగొట్టుకొన్నాము. లండనులో జేమ్స్ పార్కిన్సన్ అను వైద్యుడు 1817లో ఈ వ్యాధిని వర్ణించి వ్రాసినందున ఆయన పేరు దానికి వచ్చినది.

డోపమిన్‌ను నేరుగా మ్రింగితే అది మెదడులోనికి పోదు. లెవోడోపా అను పదార్థము పోగలదు, పోయి అక్కడ డోపమిన్‌గా మారును. 1961లో వియన్నా నగరములో హోర్నికీవిచ్, బిర్క్‌మాయర్ అనువారు రోగులకు దానిని సూదిమందుగా ఇచ్చి చూచినారు. 1967లో అమెరికాలో కోట్జియాస్ అను వైద్యుడు నోటి ద్వారా కొద్ది కొద్దిగా పెంచుచు ఇచ్చి, అది నిలకడగా పనిచేయునని చూపినాడు. తరువాత దానికి కార్బిడోపా అను తోడు మందును కలిపినారు. ఈ తోడు మందు లెవోడోపా దారిలోనే ఖర్చయిపోకుండా కాపాడును, వికారమును తగ్గించును.

ఇక్కడ మన దక్షిణ దేశపు సంగతి ఒకటి చెప్పకుండ ముందుకు పోలేను. 1937లోనే మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనువారు దూలగొండి గింజల నుండి లెవోడోపాను వేరుచేసినారు. చేలగట్ల మీద ఒంటికి తగిలితే దురద పుట్టించే ఆ తీగె గింజలలోనే! దాని సంగతి మరల వచ్చును.

ఒక మాట స్పష్టముగా తెలిసికొనవలెను. లెవోడోపా వ్యాధిని కుదర్చదు, దాని నడకను ఆపదు. ఇంతవరకు ఏ మందూ ఆపునని రుజువు కాలేదు. మందు చేయు పని, ఉన్న దినములలో మనిషిని నడిపించుట, తన చేతితో తాను తినునట్లు చేయుట. ఇది చిన్న సంగతి కాదు. కాని "ఇంకా తగ్గలేదే" అని ప్రతి నెలా వైద్యుని మార్చువారు ఈ సంగతి తెలియకనే మార్చుచున్నారు.

"అయిదేండ్ల మందు" అను భయము

మా బావగారికి 2014లో, 66వ ఏట, ఈ వ్యాధి అని తేలినది. నరముల వైద్యులు లెవోడోపా వ్రాసినారు. బెంగుళూరులో ఉన్న పెద్ద మేనల్లుడు ఎవరి యొద్దనో విని ఫోను చేసినాడు: "మామయ్యా, ఆ మందు అయిదేళ్ళే పనిచేస్తుందంట. ఇప్పుడే వాడేస్తే తర్వాత ఏం చేస్తాం? దాచుకుందాం." అప్పటికి బావగారు చొక్కా బొత్తాములు తానే పెట్టుకొనలేకపోవుచున్నారు. అయినను మేమందరము ఆ మాట సబబుగానే ఉన్నదనుకొన్నాము. బియ్యము దాచుకొన్నట్లు మందును కూడ దాచుకొనవచ్చునని ఎవరికైనను తోచును. ఏడు నెలలు చీటీ అలమారలోనే ఉన్నది.

ఈ భయము చాల ఇండ్లలో ఉన్నది గనుక దీనిని కొంచెము నిదానముగా చూతము. కొన్నేండ్లు మందు వాడిన తరువాత రెండు మార్పులు వచ్చుట నిజము. మాత్ర పనిచేయు గంటలు తగ్గును, తరువాతి మాత్రకు ముందే శరీరము బిగుసుకొనును. కొందరికి మందు బాగుగా పనిచేయు వేళ శరీరము దానంతటదే ఊగును, మెలికలు తిరుగును. ఇవి మందు అరిగిపోవుటచే వచ్చునా, వ్యాధి ముదురుటచే వచ్చునా అన్నది ప్రశ్న.

దీనికి జవాబు ఆఫ్రికా నుండి వచ్చినది. ఘనా దేశములో మందు దొరకక రోగులు ఆలస్యముగా, సగటున నాలుగేండ్లకు పైబడిన తరువాత, లెవోడోపా మొదలుపెట్టినారు. ఇటలీలో రోగులు రెండేండ్లు దాటిన తరువాత మొదలుపెట్టినారు. ఈ రెండు దేశముల వారిని పోల్చి 2014లో ప్రకటించిన పరిశోధనలో, ఈ ఇబ్బందులు వ్యాధి మొదలైన నాటి నుండి లెక్కించినప్పుడు ఇంచుమించు ఒకే కాలమునకు ఇద్దరికిని వచ్చినవని తేలినది. అనగా ఘనావారు మందు లేక కష్టపడిన సంవత్సరములు వారికి తరువాత జమ కాలేదు. 2019లో నెదర్లాండ్సువారు ప్రకటించిన మరియొక పరిశోధనలో 445 మంది రోగులలో కొందరికి వెంటనే, కొందరికి 40 వారములు ఆలస్యముగా మందు ఇచ్చినారు. 80వ వారమున చూడగా రెండు గుంపులకును భేదము లేదు. ముందు వాడినందుచేత నష్టమూ రాలేదు, వ్యాధి నెమ్మదించనూ లేదు.

అయితే ఎంత ఎక్కువ వాడినను ఫరవాలేదని దీని అర్థము కాదు. మోతాదు పెరిగిన కొలది ఆ ఊగులాట వచ్చు అవకాశము హెచ్చును. చిన్న వయస్సులో వ్యాధి వచ్చినవారిలో మరీ ఎక్కువ. గనుక వైద్యులు అవసరమైనంత మట్టుకే ఇచ్చెదరు. కాని రోజు గడపలేని మనిషికి మందును దాచిపెట్టుట పొదుపు కాదు. బావగారి ఏడు నెలలను మేము ఎక్కడా దాచలేదు, పోగొట్టినాము.

నా తప్పు

చివరకు మందు మొదలుపెట్టినాము. మూడవ దినమునుండి వికారము, వాంతులు. మందుల షాపులో అడిగి, వాంతులు ఆగుటకు ఒక మాత్ర నేనే తెచ్చి ఇచ్చినాను. వాంతులు ఆగినవి. కాని వారము తిరుగకముందే బావగారు మునుపటికంటె ఎక్కువగా బిగుసుకొనిపోయినారు. "ఆ మెదడు మందు పడలేదు" అని అక్కయ్య ఏడ్చినది. నరముల వైద్యుని యొద్దకు మరల పోయినప్పుడు ఆయన నా సంచిలోని అట్టముక్కను చూచి, "ఇది ఎవరిచ్చారు?" అని అడిగినారు. అది మెటోక్లోప్రమైడ్. అది మెదడులో డోపమిన్ పనిచేయు తలుపులను మూసివేయునట. ఒక చేతితో డోపమిన్ ఇచ్చి, రెండవ చేతితో తలుపు మూసినవాడను నేనే.

మరి వికారమునకు ఏమి చేయవలెను? మొదటి దినములలో మాత్రతో పాటు రెండు బిస్కత్తులు తినవచ్చును. మోతాదు నెమ్మదిగా పెంచవలెను. అవసరమైతే వైద్యుడు డోంపెరిడోన్ ఇచ్చును, అది మెదడులోనికి అంతగా పోదు. పెద్దవారికి దానిని ఇచ్చుటకు ముందు గుండె ఇ.సి.జి. చూచుట మంచిది. ఇంకొక సంగతి ఉన్నది. మన దేశములో దొరకు మాత్రలలో 100 మిల్లీగ్రాముల లెవోడోపాకు 10 కార్బిడోపా ఉన్నవి కొన్ని, 25 ఉన్నవి కొన్ని. కొన్ని పెట్టెల మీద 110 అని, 275 అని అంకెలుండును, అవి ఆ రెంటి మొత్తము. తోడు మందు దినమునకు 70 నుండి 100 మిల్లీగ్రాములైనను అందకపోతే వికారము ఎక్కువగును. 110 మాత్రలు మూడు వేసికొన్నవారికి అందేది 30 మాత్రమే. షాపువాడు "అదే మందండీ, ఇది లేదు, అది తీసుకోండి" అన్నప్పుడు పేరు మాత్రమే కాదు, రెండు అంకెలను కూడ చూచుకొనవలెను. లెక్కలు చెప్పినవాడను గనుక దీనిని నొక్కి చెప్పుచున్నాను.

మెటోక్లోప్రమైడ్ ఒక్కటే కాదు. వాంతులకు, తల తిరుగుడుకు ఇచ్చు ప్రోక్లోర్‌పెరజీన్, తల తిరుగుడుకు వాడు సిన్నరిజీన్, ఒంటి తలనొప్పికి వాడు ఫ్లూనరిజీన్, మతి చలించినప్పుడు ఇచ్చు హాలోపెరిడాల్, ఇవన్నియు ఈ రోగులకు కీడు చేయునవే. మన దేశములో మరి ముఖ్యముగా చూడవలసినది లెవోసల్‌పిరైడ్. ఇది గ్యాస్ బిళ్ళలలో, కడుపు మంటకు పరగడుపున వేసికొను క్యాప్సూళ్ళలో కలిసి వచ్చును. వ్యాధి లేనివారికి కూడ ఇది వణుకు, బిగువు తెప్పించగలదు. మా సంఘములో ఒక తల్లిగారికి డెబ్బది రెండేండ్ల వయస్సున చేతులు వణకసాగినవి. పార్కిన్సన్ అని తీర్మానించుటకు ముందు వైద్యురాలు, ఆమె వేసికొను మందులన్నిటిని సంచితో సహా తెమ్మన్నది. రెండేండ్లుగా ఎవరూ ఆపమని చెప్పలేదని వేసికొనుచున్న గ్యాస్ క్యాప్సూలు అందులో బయటపడినది. అది మానిన కొన్ని నెలలకు వణుకు పోయినది. అందరికీ ఇట్లే అగునని కాదు, కాని సంచి తీసికొనిపోవుటకు ఖర్చేమున్నది?

గడియారము, భోజనము

లెవోడోపా చిన్న ప్రేగు పైభాగములో రక్తములోనికి చేరును. పప్పు, గ్రుడ్డు, మాంసము, చేప, పాలు, పెరుగులలోని మాంసకృత్తులు జీర్ణమైన తరువాత అదే ద్వారము గుండా పోవలెను. ఇద్దరు ఒకే తలుపు దగ్గర త్రోసికొన్నప్పుడు మందు వెనుకబడును. అందుచేత మాత్రను భోజనమునకు అరగంట ముందు గాని, తిన్న గంట దాటిన తరువాత గాని నీళ్ళతో వేసికొనవలెను. మన ఇండ్లలో పెద్దవారికి ఏ మాత్రనైనను పాలతో ఇచ్చు అలవాటు ఉన్నది. ఈ మాత్ర విషయములో అది మానవలెను. పెసరట్టు తినుచు నడుమ మాత్ర మ్రింగుట కూడ అంతే. రక్తము పట్టుటకు ఇచ్చు ఇనుము మాత్రలను దీనికి రెండు గంటలు ఎడముగా ఇవ్వవలెను. మలబద్ధకము ఉంటే మందు ఆలస్యముగా పనిచేయును, గనుక దానికి కూడ వైద్యము చేయించవలెను.

పప్పు, గ్రుడ్డు మానిపించవద్దు. ఈ రోగులు త్వరగా బరువు తగ్గెదరు. వేళ మార్చితే చాలును. మా అక్కయ్య ఉదయము ఏడింటికి మాత్ర ఇచ్చి, ఏడు ముప్పావుకు ఫలహారము పెట్టుటకు అలవాటుపడినది. ఆ ఒక్క మార్పుతోనే బావగారికి ఉదయపు నడక తిరిగి వచ్చినది. కొత్త మందు ఏదియు కలుపలేదు. ఉపవాస ప్రార్థన దినములలో మాత్ర మానవచ్చునా అని కొందరు అడిగినారు. మానకూడదు. నీళ్ళతో మాత్ర వేసికొనుటచే ఉపవాసము భంగమగునని తలంచువారు ఆ దినమున ఉపవాసముండకుందురు గాక. సంఘము వారిని తప్పుపట్టదు.

వేళ అనగా వేళే. ఎనిమిదింటి మాత్ర తొమ్మిదిన్నరకు ఇచ్చినప్పుడు ఆ గంటన్నర మనకు చిన్నది. మంచము మీద ప్రక్కకు తిరుగలేక పడియున్నవానికి అది చిన్నది కాదు. ఆసుపత్రిలో మరి ఏదో జబ్బుకు చేర్చినప్పుడు ఈ సంగతి నర్సుకు ముందుగా చెప్పవలెను. అక్కడ మందులు వారి రౌండు ప్రకారము వచ్చును, ఈ రోగి గంటల ప్రకారము కాదు. నెమ్మదిగా పనిచేయునట్లు తయారుచేసిన సి.ఆర్. మాత్రలను నలుగగొట్టి ఇవ్వరాదు.

ఒకరికి తెలియకుండ ఒకరు

2019 నాటికి మాత్ర నాలుగు గంటలు కూడ నిలువలేదు. వైద్యులు పూటలు పెంచి, ప్రామిపెక్సోల్ అను మరియొక జాతి మందును కలిపినారు. ఇదే సమయమున మేనకోడలు షోలాపూరు నుండి దూలగొండి చూర్ణము తెచ్చి, "నాన్నా, ఇది ఆకుమందే, ఏమీ చేయదు" అని ఉదయము సాయంత్రము పాలలో ఇచ్చుచున్నది. బెంగుళూరు అల్లుడు ఎక్కువ ఊగుచున్నారని ఫోనులో మాత్ర సగము చేయించుచున్నాడు. ఇంటిలో మందు ఇచ్చునది చిన్న మేనల్లుని భార్య. ఆమె హోస్పేటలో పుట్టి కన్నడములో చదువుకొన్న బిడ్డ. తెలుగు మాటలాడును గాని చదువలేదు. మా అక్కయ్య తెలుగులో వ్రాసిన చీటీని ఆమె చదువలేదు, వైద్యుని ఇంగ్లీషు చీటీని అక్కయ్య చదువలేదు. ముగ్గురు పిల్లలు మూడు ప్రేమలతో మూడు మోతాదులు ఇచ్చుచున్నారు.

దూలగొండిలో నిజముగానే లెవోడోపా ఉన్నది. 2004లో ఇంగ్లండులో కొద్దిమంది రోగులకు దాని చూర్ణము ఇచ్చి చూచినప్పుడు అది మాత్రవలెనే పనిచేసినది. అందుచేతనే జాగ్రత్త కావలెను. అది పనిచేయని మందయితే ఇంత చెప్పవలసిన పని లేదు. ఒక చెంచాలో ఎంత ఉన్నదో డబ్బా డబ్బాకు మారును. మాత్రతో కలిపి ఇచ్చినప్పుడు మొత్తము ఎంతైనదో వైద్యునికి తెలియదు. ఆయన ఊగులాట చూచి మాత్ర తగ్గించును, చూర్ణము ఆగిన దినమున రోగి బిగుసుకొనిపోవును. ఆయుర్వేదము వద్దనుట నా ఉద్దేశము కాదు, దాచవద్దనుటయే.

ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అను మందులను గురించి సంఘపు పెద్దలు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది ఒకటి ఉన్నది. ఈ మందులు కొందరిలో అదుపులేని కోరికలను పుట్టించును. జూదము, అవసరము లేని వస్తువులు కొనుట, తినుట, శరీర వాంఛలు హద్దు మీరుట. మరియొక ఊరి సంఘములో నలువదేండ్లు మచ్చలేని ఒక సహోదరుడు పేకాటలో దొరికినాడు. కమిటీ ఆయనను బాధ్యతల నుండి తీసివేసినది. భార్య సిగ్గుతో ఆరాధనకు రావడము మానినది. ఏడాది తరువాత వైద్యులు ఆ మాత్రను క్రమముగా తగ్గించగా ఆ కోరికయే పోయినది. కమిటీవారు ఆ ఇంటికి పోయి క్షమాపణ అడిగినారని విన్నాను. ఇటువంటి మార్పు కనబడితే మొదట మందుల చీటీ చూడుడి, తరువాత కమిటీ కూర్చుండవచ్చును. రోగి తనంతట తాను చెప్పడు. భార్యను వేరుగా అడుగవలెను. ఈ మందులు ఉన్నట్టుండి నిద్ర కూడ తెచ్చును, గనుక మోటారు సైకిలు, ట్రాక్టరు నడుపువారు వైద్యునికి చెప్పి తీరవలెను.

వణుకుకు వాడు పాత మందు ట్రైహెక్సిఫెనిడిల్ చవకైనది. అయితే డెబ్బది దాటినవారికి మతిమరుపు, కలవరము, మూత్రము బిగియుట తెచ్చును. ఎవరైన పదేండ్ల క్రిందటి చీటీ మీద ఇంకను దానిని వాడుచుంటే వైద్యునికి చూపుడి. సెలిజిలిన్, రసాజిలిన్ వాడువారు నొప్పులకు ట్రమడాల్, దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న టానిక్కు తమంతట తాము వేసికొనరాదు. ఎంటకాపోన్ వాడినప్పుడు మూత్రము నారింజ రంగులో వచ్చిన భయపడనక్కరలేదు.

ఆపిన దినము

2020 జనవరిలో బావగారు పెరటిలో పిల్లలు ఆడుకొనుచున్నారని చెప్పసాగినారు. పెరటిలో ఎవరూ లేరు. రాత్రులు లేచి వారికి అన్నము పెట్టుమని అక్కయ్యను పీడించినారు. ఊరిలో రకరకములుగా అనుకొన్నారు. పెద్ద మేనల్లుడు, "ఈ మందుల వల్లే. అన్నీ ఆపేయండి" అన్నాడు. అదే వారములో ఒకరు వచ్చి ప్రార్థించి, ఇక మందులు అక్కరలేదు, విశ్వసించుమని చెప్పినారు. రెండు మాటలు ఒకేచోట కలిసినవి. మందులన్నియు ఒక్క దినమున ఆపినారు.

మూడవ దినమునకు బావగారు కర్రవలె బిగుసుకొనిపోయినారు. జ్వరము 103 దాటినది. నీళ్ళు మ్రింగలేదు, మనిషిని గుర్తుపట్టలేదు. బళ్ళారిలో ఆసుపత్రిలో పదకొండు దినములు ఉంచినారు. ముక్కులో గొట్టము వేసి అదే లెవోడోపాను మరల ఎక్కించినారు. డోపమిన్ మందులను ఒక్కసారిగా ఆపితే ఇట్టి స్థితి రావచ్చునని, అది ప్రాణము మీదికి తెచ్చునని అప్పుడు తెలిసినది. ఆయన బ్రదికినారు. అయితే అంతకు ముందు కర్ర లేకుండ నడచినవారు తరువాత కర్ర లేకుండ నడువలేదు.

ప్రార్థించవద్దని నేను ఎన్నడును వ్రాయను. ఆ పదకొండు రాత్రులు మేము చేసినది అదే. మందు ఆపుమని చెప్పుటకు మాత్రము ప్రార్థించువానికి అధికారము లేదు. స్వస్థత కలిగినదని తోచిన యెడల వైద్యుని యొద్దకే పోయి చూపింతురు గాక, ఆయనే క్రమముగా తగ్గించును.

భ్రమలు కలిగినప్పుడు ఏమి చేయవలెనో ఆసుపత్రిలోని వైద్యులు ఓపికతో చెప్పినారు. మొదట మూత్రములో గాని, ఊపిరితిత్తులలో గాని క్రిములున్నవేమో, నీరు తగ్గినదేమో, కొత్తగా ఏ మాత్రయైన చేరినదేమో చూడవలెను. బావగారికి మూత్రములో చీము కణములున్నవి. మందులు తగ్గించవలసివస్తే ట్రైహెక్సిఫెనిడిల్ వంటివి, అమాంటడిన్, ప్రామిపెక్సోల్ జాతి మొదట తగ్గింతురు. లెవోడోపా మీద చేయి వేయుట అన్నిటికంటె చివర. అప్పటికిని భ్రమలు తగ్గకపోతే క్వెటయపిన్ కొద్ది మోతాదులోనో, రక్తపరీక్షలు చేయుచు క్లోజపిన్‌నో వైద్యులు ఇచ్చెదరు. మామూలుగా మతి చలనమునకు ఇచ్చు హాలోపెరిడాల్ సూది వేయవద్దని ముందే చెప్పవలెను.

రక్తపోటు సంగతి కూడ అప్పుడే బయటపడినది. ఈ వ్యాధిలోను, దాని మందులతోను లేచి నిలువగానే రక్తపోటు పడిపోవచ్చును. పదేండ్ల క్రిందట బి.పి. ఎక్కువని ఇచ్చిన మాత్ర ఇంకను సాగుచుండును. పండుకొన్నప్పుడు ఒకసారి, లేచి మూడు నిముషములు నిలిచిన తరువాత ఒకసారి చూడవలెను. పై అంకె 20 లేక అంతకంటె ఎక్కువ తగ్గితే వైద్యునికి చెప్పుడి. బావగారు రెండుసార్లు పడినది నడక చెడి కాదు, ఇందుచేత.

రోగిని అడిగితిరా?

ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత అక్కయ్య మా అందరిని కూర్చుండబెట్టినది. పిల్లలు ముగ్గురు, ఇద్దరు ఫోనులో. నేనును ఉన్నాను. మాత్ర పెంచవలెనా తగ్గించవలెనా అని గంటసేపు వాదించినాము. పెద్దవాడు తగ్గించుదమన్నాడు. ఆరాధనలో బెంచీ మీద నాన్నగారు ఊగుచుంటే అందరు చూచుచున్నారని అతని బాధ. అప్పటివరకు మాటలాడని చిన్న కోడలు నా వైపు తిరిగి, "మాస్టారు మామయ్యా, మామయ్యగార్ని ఎవరైనా అడిగారా?" అన్నది.

ఎవరును అడుగలేదు. ఆయన అక్కడే కుర్చీలో ఉన్నారు. మాట సన్నగిల్లినది గనుక చెవి పెట్టి వినవలెను. ఆయన చెప్పినది ఇది: "ఊగితే నాకేం నొప్పి లేదురా. బిగుసుకుపోతేనే నరకం. పొద్దున్నే కాలువ గట్టుదాకా వెళ్ళి రానివ్వండి. నా అన్నం నన్ను తిననివ్వండి. మధ్యాహ్నం ఎలాగున్నా పర్లేదు."

చాలమంది రోగులు ఇట్లే చెప్పెదరని వైద్యులు కూడ అన్నారు. ఊగులాట చూచువారిని బాధించినంతగా రోగిని బాధించదు, బిగువు రోగిని బాధించును. అయితే కొందరికి ఊగులాటయే ఎక్కువ బాధ. అందుచేతనే అడుగవలెను. బావగారి మాటను బట్టి ఉదయపు మోతాదును తగ్గించలేదు. రాత్రి భ్రమలు మరల రాకుండ ప్రామిపెక్సోల్‌ను వైద్యులు కొన్ని వారములలో మెల్లగా తీసివేసినారు. చూర్ణమును మేనకోడలు తనంతట తానే మానినది. మానుటకు ముందు వైద్యునికి చెప్పినది. మాట, మతి ఇంకను బాగున్న దినములలోనే ఇట్టి సంగతులు అడిగి వ్రాసిపెట్టుకొనుట మేలు. మేము ఆలస్యముగా అడిగినాము.

వైద్యుని యొద్దకు పోవుటకు ముందు

వైద్యుడు రోగిని పది నిముషములు చూచును. ఆ పది నిముషములలో మాత్ర బాగుగా పనిచేయుచుంటే ఇంటి కష్టము ఆయనకు కనబడదు. గనుక పోవుటకు ముందు మూడు దినములు ఒక కాగితము మీద గంటగంటకు గీతలు గీసి, ఏ గంట బాగున్నారు, ఏ గంట బిగుసుకొన్నారు, ఏ గంట ఊగినారు, మాత్ర ఎప్పుడు, భోజనము ఎప్పుడు అని వ్రాయవలెను. ఆరవ తరగతి పిల్లవాడు కూడ దీనిని వ్రాయగలడు. మా ఇంటిలో వ్రాసినది మనుమడే. బిగుసుకొన్నప్పటి నడకను సెల్‌ఫోనులో తీసి చూపితే మరియు మంచిది.

నరముల వైద్యులు అన్ని ఊళ్ళలో లేరు. బెంగుళూరులో నిమ్హాన్స్, వేలూరులో సి.ఎం.సి., హైదరాబాదులో నిమ్స్, ముంబయిలో కె.ఇ.ఎం., కటకములో ఎస్.సి.బి. వైద్య కళాశాల, ఇట్టి చోట్ల ఈ శాఖ ఉన్నది. ప్రతి నెలా అంత దూరము పోనక్కరలేదు. 2020లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ నియమముల ప్రకారము, ఒకసారి చూచిన వైద్యుడు తరువాత ఫోను ద్వారా చూచుటకు వీలున్నది. లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర జాతీయ అత్యవసర మందుల పట్టికలో ఉన్నది, గనుక ధరకు హద్దు ఉన్నది. ముంబయి కేంద్రముగా పార్కిన్సన్ రోగుల కొరకు పనిచేయు సొసైటీ ఒకటి పలు నగరములలో రోగులను, ఇంటివారిని కూర్చి సమావేశములు జరుపుచున్నది.

మందు మార్చవలసినప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చుమని వైద్యుని అడుగుడి. రెండు ఒకేసారి మారితే, దేనివలన మేలు, దేనివలన కీడు అన్నది తెలియదు. వైద్యునితో మాటలాడువారు ఇంటిలో ఒక్కరే ఉండవలెను, తక్కినవారు ఆ ఒక్కరితో మాటలాడవలెను. మా ఇంటిలో ఆ ఒక్కరు పెద్ద కొడుకు అగునని అందరు అనుకొన్నారు. అక్కయ్య మాత్రము చిన్న కోడలి పేరు చెప్పినది. మందు చేతితో ఇచ్చునది ఆమెయే, రాత్రి లేచునది ఆమెయే. పెద్దవాడు కొంచెము నొచ్చుకొన్నాడు, తరువాత ఖర్చు లెక్క తాను చూచుకొనుటకు ఒప్పుకొన్నాడు.

ఇప్పుడు వారి వంటింటి తలుపు మీద ఒక అట్ట ఉన్నది. ఎడమ ప్రక్క గంటలు, నడుమ మాత్ర పేరు, రెండు అంకెలు. ప్రతి వరుస మూడు లిపులలో ఉన్నది. తెలుగు అక్కయ్య కొరకు, కన్నడము కోడలి కొరకు, ఇంగ్లీషు ఆసుపత్రివారి కొరకు. అడుగున ఎర్ర సిరాతో ఇవ్వకూడని మందుల పేర్లు, అవి కూడ మూడు లిపులలో. మొదటి పేరు మెటోక్లోప్రమైడ్. దానిని నా చేతనే వ్రాయించినారు.